పోటు అన్న మాటకి ఉదాహరణ

బందరు, 8 ఫిబ్రవరి 1979

జాలర్ల పలుకుబడి మీద నాకంటే ముందు ఎవరైనా పనిచేశారేమోనని ఇవాళ మళ్లీ లైబ్రరీకి వెళ్లాను. 'జాలరి' కార్డుల్లో ఏమీ లేదు. లైబ్రేరియన్ ఖాసిం గారు 'మాండలికం' సొరుగు లాగి, "ఇందులో చూడండి బాబూ" అన్నారు. పాత పత్రికలో ఒక వ్యాసం దొరికింది. అందులో 'పోటు', అంటే సముద్రం పొంగడం, అన్న మాటకి ఉదాహరణ: "పోటొచ్చేసింది, లెగరా నాంచారయ్యా, నీ నిద్ర పీతలెత్తుకెళ్లా!" చెప్పినవారు: నాగాయలంక జాలరి ఒకరు.

దివిసీమలో నాంచారయ్యలు చాలామందే ఉన్నారు. కొడుకు నిద్రని పీతలకిచ్చేది మాత్రం మా నాన్న ఒక్కడే. ఉప్పెన తీసుకుపోయాక ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదటిసారి...

"కావల్సింది దొరికిందాండీ?" అన్నారు ఖాసిం గారు. దొరికిందండీ అన్నాను.

థీసిస్‌లో ఆ వాక్యం వాడితే కింద వ్యాసకర్త పేరు వెయ్యాలి. నాన్న పేరు ఎక్కడ వెయ్యను?