మత్తడి చూద్దామని పోయాను

మట్టెవాడ,
వరంగల్.

చిరంజీవి తమ్ముడు భానుచందర్‌కు అక్క దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ బావ క్షేమం, నవ్య క్షేమం, మన బెల్లం కొట్టు కూడా క్షేమం. నా సంగతి తర్వాత రాస్తాను. అక్కడ మీ సంగతి మీరు రాస్తేనే తెలియాలి.

నువ్వు కొరియర్లో పంపిన చీర అందింది. దాంట్లో పెట్టిన ఉత్తరమూ అందింది. నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు రాసుకున్నామే, ఆ తర్వాత నీ దస్తూరీ చూడటం మళ్ళీ ఇదే. ఇన్ని ఫోన్లుండగా వీడికి ఉత్తరం ఎందుకు గుర్తొచ్చిందని మీ బావ ఆశ్చర్యపోయారు. నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఫోన్లో నా గొంతు వింటే నీకు మాట తడబడుతుందని నాకు తెలుసు.

అడిగినవాటికి జవాబులు. మీ బావ మోకాలు కాస్త నయం. మెట్లెక్కొద్దని దవాఖానలో చెప్పి పంపితే, ఈయన నిచ్చెన వేసుకుని అటక మీద బెల్లం దిమ్మలు సర్దుతున్నారు. మెట్లు కాదుగా, నిచ్చెనే కదా అంటారు. నవ్య కాలేజీకి పోతోంది, చదువుతోందో లేదో దేవుడికే తెలియాలి. చీర రంగు బాగుంది. మడత ఇంకా విప్పలేదు. చివరికి ఒకటి అడిగావు, 'ట్రిప్పు ఆగిపోయిందని కోపమా అక్కా?' అని. దానికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

రాఖీ నాడు మా ఇంట్లో కూర్చుని నువ్వన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఈసారి చీర లేదక్కా. నిన్ను పడవల కూసోవెట్టుకొని లక్నవరం చెరువంత తిప్పుత. ఇద్దరమే. నువ్వు ముంగట, నేను ఎన్క" అన్నావు. ఇన్నేళ్ళలో ఎన్నో చీరలు పెట్టావు గానీ, ఆ మాటకు మురిసినట్టు ఏ చీరకూ మురవలేదు.

ఆ తర్వాత మనం చేసుకున్న ఏర్పాట్లు పెళ్ళి ఏర్పాట్లకు తీసిపోవు. ఏ ఆదివారం, ఎన్నింటికి బయలుదేరాలి, ఫోను తడవకుండా ఏ కవర్లో పెట్టాలి, పులిహోరా చపాతీలా. పడవకు లెక్క ఉంటుంది, బరువెంతో చెప్పమన్నావు. దాచకుండా చెప్పాను. మేడారం జాతరకు నా బరువుకు సరిగ్గా నిలువెత్తు బంగారం తూచింది మన కొట్లోనే కదా, అమ్మవార్లకు ఇచ్చే బెల్లంలో దొంగ లెక్క నడవదు. చీరతో పడవెక్కలేవన్నావని నవ్యను తీసుకుపోయి చుడీదార్ కొనుక్కున్నాను. నువ్వు పంపిన వీడియోలు చూస్తూ, మంచం మీద కాళ్ళు చాపి కూర్చుని, చీపురు కట్టె పట్టుకుని తెడ్డు వేయడం నేర్చుకున్నాను. అది చూసి మీ బావ, "గట్లనే పొయ్యి మీ అమ్మమ్మోళ్ళ పరకాలల దిగుతవా ఏంది" అని ఒకటే నవ్వు.

అప్పుడు నీ ఫోను వచ్చింది. "అక్కా, చెరువు నిండి మత్తడి దుంకుతాందట. బోట్లన్ని బంద్ వెట్టిండ్రు. ఈ యేడుకు ఇగ కాదు" అన్నావు. సరేలే, ఫికర్ చేయకు, నీళ్ళకు మనం చెప్పగలమా అన్నాను. నువ్వు బాధపడుతున్నావేమోనని నేనే నిన్ను ఓదార్చాను చూడు, అది తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

కానీ హైదరాబాద్ పోయి నువ్వు ఒక సంగతి మరిచిపోయావు. మత్తడి దుంకుతోందని చెబితే వరంగల్ వాళ్ళెవరైనా ఇంట్లో కూర్చుంటారా? చెరువు అలుగు పారి అంత నీళ్ళు రాళ్ళ మీద దుంకుతుంటే చూడకపోతే ఎట్లా అని, ఆ ఆదివారం కొట్టు మూసి, మీ బావా నేనూ ములుగు బస్సెక్కాం. ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

అక్కడికి పోయి చూస్తే మత్తడీ లేదు, ఏమీ లేదు. చెరువు నిమ్మళంగా ఉంది. పడవలన్నీ తిరుగుతున్నాయి. జనం లైఫ్ జాకెట్ల కోసం వరసలో నిలబడ్డారు. పసుపు పచ్చ పడవ ఒకటి ఒడ్డుకు వస్తుంటే మీ బావ కళ్ళద్దాలు సర్దుకుని, "గాడు మన భానుగాడు గాదే? జర ఆగు, పిలుస్త" అన్నారు. ఆయన చెయ్యి పట్టి ఆపేశాను. వెనక నువ్వున్నావు. ముందు మీ అత్తయ్య వరలక్ష్మి గారు కూర్చుని ఫొటోకు చెయ్యి ఊపుతున్నారు. ఒడ్డున మా మరదలు సౌమ్య, వాళ్ళ చెల్లెలు తేజస్వి ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు.

నా బరువు చూసే వదిలేశావేమోనని మొదట అనుకున్నాను. కానీ మీ అత్తయ్య గారు నాకంటే ఏమంత తక్కువ లేరు. ఆ పడవ ఆమెను చక్కగానే మోసుకొచ్చింది.

మీరు మక్క కంకుల బండి దగ్గరికి వచ్చారు. బండికి ఇవతల మేమున్నాం. కొంగు నెత్తి మీదికి లాక్కుని, మీ బావను నా పక్కకు లాగి, ముఖం తిప్పుకుని నిలబడ్డాను. మోసం చేసింది నువ్వు, దాక్కున్నది నేను. అప్పుడే మీ అత్తయ్య గారు అడిగారు. "మీ అక్కను గూడ పిలిస్తే అయిపోవు గద అల్లుడూ, ఇల్లు తొవ్వల్నే ఉండె" అని. పెద్ద మనిషి, ఆమెకు తోచింది.

నువ్వేమన్నావు భానూ? "అక్కకు నీళ్ళంటే భయం అత్తమ్మా. ఎంత బతిమిలాడినా రాదు" అన్నావు.

నీళ్ళంటే నాకు భయమా? పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ళ పొలంలో, నడుముకు బెండ్లు కట్టి నిన్ను బావిలోకి దింపింది ఎవరు? నువ్వు కేకలు పెడుతుంటే నీ కింద చెయ్యి పెట్టి తేల్చింది ఎవరు? ఊళ్ళో ఆడపిల్లకు ఈతలేమిటని తిట్లు తిన్నది ఎవరు? నన్ను పిలవకపోయినా ఓర్చుకునేదాన్ని. నన్ను పిరికిదాన్ని చేసి, ఆ వంకతో నువ్వు మంచివాడివయ్యావే, అది గుండెలో దిగబడిపోయింది.

ఒక్క మాట చెబితే సరిపోయేది. "అక్కా, సౌమ్య వాళ్ళు వస్తామంటాండ్రు, ఈసారి వాళ్ళతోని పోతున్న" అని ఉంటే నాలుగు తిట్లు తిట్టి, వాళ్ళందరికీ సరిపడా పులిహోర కట్టి, హన్మకొండ చౌరస్తాలో నీ కారుకు అందించేదాన్ని. నీకు ఆ సంగతి తెలియదా? తెలిసి కూడా నాకు మత్తడి కథ చెప్పావు.

తిరుగు బస్సులో మీ బావతో నవ్యకు చెప్పొద్దని మాత్రం అన్నాను, మేనమామ మీద దానికి ప్రాణం.

ఇక నీ ప్రశ్న. కోపం కాదు తమ్మీ. కోపమైతే ఆ ఒడ్డు మీదే నీ చెవి పట్టుకుని కడిగేసేదాన్ని, నువ్వు నవ్వేవాడివి, అంతటితో పోయేది. మొన్న సౌమ్య ఫోన్ చేసి, "వదినా, ఆయనకు జ్వరం, మంచం దిగుతలేడు" అని చెప్పింది. నీకు చిన్నప్పుడు ఒళ్ళు కాస్త వెచ్చబడితే రాత్రంతా పక్కనే కూర్చున్నదాన్ని. అలాంటి నాకు ముందుగా వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? 'ఇది నిజమేనా?' అని. ఫోను పెట్టేసి లోపలికి పోయి తలుపేసుకుని ఏడ్చాను. నీ జ్వరాన్ని నమ్మలేని అక్కను చేశావు నన్ను.

జ్వరం తగ్గిందో లేదో రాయి. నిజం రాయి.

ఇట్లు,
నీ అక్క
ప్రేమలత