మిషన్ అడిగింది

అన్నయ్యకి,

కొత్త కంప్యూటర్ పార్సిల్‌లోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ముందు ఇది చదివి, తర్వాత ప్లగ్గు పెట్టు.

నువ్వు ఫోన్‌లో చెప్పినవన్నీ వరసగా చేశాను. విండోస్ ఎక్కించాను. నీ ఆటలు పద్నాలుగూ మళ్లీ డౌన్‌లోడ్ చేసేసరికి నాలుగు రోజులు పట్టింది. మౌస్ వేగం కూడా పాతదాంట్లో ఉన్నట్టే పెట్టాను. పాత కంప్యూటర్‌ని నువ్వన్నట్టే శుభ్రంగా తుడిచేసి, పాత సామాన్లవాడికి ఇచ్చేశాను.

"ఆటలు పోయినా వస్తాయే, ఎక్కడిదాకా ఆడానో దాచుకున్న సేవ్ ఫైళ్లు పోతే మాత్రం నా తొమ్మిదేళ్లు మట్టిలో కలిసినట్టే" అన్నావు. నెట్‌లో దాచడం నీకు నమ్మకం లేదు కాబట్టి, వాటిని ముందే నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి రెండుసార్లు సరిచూసుకున్నాను. కొత్తదాంట్లోకి అన్నిటికన్నా చివర్లో ఎక్కిద్దామనుకున్నాను.

పోయినేడు కొత్త ఆటకి చోటు చాలలేదని నా ఎంబ్రాయిడరీ డిజైన్ల ఫోల్డర్ చెరిపేశావు, గుర్తుందా? ఆరేళ్లు కూర్చుని గీసినవి. నేను ఏడుస్తుంటే, చెవులకున్న హెడ్‌ఫోన్లు కూడా తియ్యకుండా "గీతలే కదే, మళ్లీ గీసుకో" అన్నావు.

గీసుకుంటున్నాను. మొన్న మొదటి పూలతీగ పూర్తయింది. దాన్ని ఎంబ్రాయిడరీ మిషన్‌లోకి ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ కావాలి. ఇంట్లో నీదొక్కటే ఉంది. పెట్టగానే, ఇందులో ఉన్నదంతా చెరిపెయ్యమంటావా అని మిషన్ అడిగింది. నువ్వు ఆ మాత్రం కూడా అడగలేదు.

అవునని నొక్కాను.

తీగ చాలా బాగా వచ్చింది. ఆ గుడ్డ పార్సిల్‌లోనే వేశాను, మౌస్ కింద పరుచుకో.

నీ చెల్లెలు