రవిని ఒడ్డుకు చేర్చిన పడవ

మంగళవారం, రాబర్ట్‌సన్‌పేట

తమ్ముడు రవికి గండం తప్పింది. అయినా నా కోపం తగ్గడం లేదు.

సరుకు ఓడలో వంటవాడిగా పనిచేస్తున్న రవికి మొన్న అపెండిక్స్ నొప్పి వచ్చింది. ఓడ రెండు దేశాల సముద్రపు హద్దు దగ్గర ఉందట. సాయం అడిగితే మనవాళ్లు అవి పక్క దేశం నీళ్లన్నారు. పక్క దేశంవాళ్లు, మనిషి మీవాడు కదా అన్నారు. ఈ రోజంతా అంగట్లో చీరలు చూపిస్తూనే ఆఫీసులకు ఫోన్లు చేశాను. అందరిదీ ఒకే జవాబు, "చూస్తున్నాం." టీవీలో మాత్రం ఆ రెండు దేశాల మంత్రులే నవ్వుతూ చేతులు కలుపుతున్నారు. ఒకే సముద్రం, ఒకే కుటుంబమట.

సాయంత్రం రవే ఫోన్ చేశాడు. గొంతు నీరసంగా ఉంది.

"నిన్న రాత్రే ఆపరేషన్ అయిపోయినాదక్కా. ఆ దేశం చేపలోళ్లు వాళ్ల పడవలో ఎక్కించుకోని ఒడ్డుకు తెచ్చినారు. వాళ్ల మాట నాకు అర్థం కాలేదు. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకోనే ఉండారు."

"చల్లగా ఉండనీ అప్పా వాళ్లు. ఇప్పుడు యాడ ఉండారు?"



"పోలీస్ స్టేషన్లో ఉండారక్కా. పర్మిషన్ లేకుండా వేరే దేశమోణ్ణి దించినారని పట్టుకోని పోయినారంట."

అమ్మకు ఇది చెప్పలేదు. "వాళ్ల పేర్లు కనుక్కోమ్మా, గుడిలో అర్చన చేపిస్తాను" అని అడుగుతూనే ఉంది.

రవి కోసం ఎన్ని ఆఫీసుల నంబర్లు సంపాదించానో. ఆ పడవవాళ్ల కోసం ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం తెలియడం లేదు...