ఫైలులో మిగిలిపోయిన ఎత్తు

ముజుజు

గౌరవనీయులైన కయిరా మామయ్యగారికి,

మా కార్యాలయానికి వాతావరణ కేంద్రాల ఫైళ్లు సంకేతాలలో వస్తాయి. వాటి ముందు భాగంలో ఏ కేంద్రం, సముద్రమట్టానికి ఎంత ఎత్తు, ఏ గంట అన్న వివరాలుంటాయి. వాటిని చదివే స్క్రిప్టును నేను స్వయంగా రాశాను. మార్చిలో తొమ్మిది రోజులపాటు మీ కొండమీది కేంద్రం పంపిన ఫైళ్లలో సరస్సు ఒడ్డు కేంద్రపు ఎత్తు కనబడింది. మీరు ఆ పొరుగు కేంద్రపు ఫైలు తీసుకుని, కేంద్రం పేరూ ఎండావానల అంకెలూ మార్చారు. ఎత్తు మార్చడం మరిచారు.

నా రాత్రిబడి పట్టా చూసి, మన బంధువుల పెళ్లిలో మీరు అందరి ముందూ, "ఒరేయ్ అల్లుడూ, నలభై దాటాక బడికెళ్లినోడివి! వాన పడుతోందని కూడా నీకు కాగితమే చెప్పాలేమోరా!" అన్నారు. ఈసారి మీరు రాసిన వాన అబద్ధమని కాగితమే చెప్పింది.

నివేదిక పంపాను. పదవీ విరమణకు నాలుగు నెలలే ఉన్నా, మిమ్మల్ని తొలగిస్తున్నారు. ఆ తొమ్మిది రోజులు మీరెక్కడున్నారని విచారణలో అడిగారు. సెలవు పెట్టకుండా ఆసుపత్రిలో, చనిపోతున్న అత్తయ్య మంచం పక్కనే ఉన్నారని నేనే సాక్ష్యం చెప్పాను. నేను తెచ్చిన న్సిమాను, ఆ మొక్కజొన్న పిండి ముద్దను, అక్కడే రోజూ మనిద్దరం ఒకే పళ్లెంలో తిన్నాం కనుక, ఆ సాక్ష్యాన్ని ఎవరూ కాదనలేకపోయారు.

విధేయుడు,
మీ మేనల్లుడు