డ్రైవరు పక్క సీటు

నవంబరు 9, ఆదివారం. పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది, చినుకు మాత్రం పడలేదు. వ్యాను టైర్లలో గాలి చూసి, కీచుమంటున్న వెనక తలుపుకు నూనె వేసి, చేతులు కడుక్కుని ఈ ఉత్తరానికి కూర్చున్నాను.

అక్కయ్యకు తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ మరదలూ కులాసా. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ కూడా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు వరసగా అడిగావు కనుక నేనూ వరసగానే జవాబు రాస్తున్నాను, ఒక్కదానికి తప్ప. దాన్ని చివరికి ఉంచుకున్నాను.

హాయిగా రైలుండగా ఈ పాత వ్యానెందుకని అడిగావు. రైలు సముద్రం పక్కన కాస్త దూరం పరిగెత్తి, మళ్ళీ ఊళ్ళ వెనకగా పోతుంది. అడవిలోకి అసలు పోదు. నువ్వు క్యాలెండరులోంచి కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్న బొమ్మ ఉంది చూడు, చెట్ల వేళ్ళ దాకా అలలు వచ్చే చోటు, అక్కడికి రోడ్డు తప్ప వేరే దారి లేదు.

ఎక్కడ పడుకుంటామంటావా? వ్యాను వెనక భాగంలో చెక్కలు బిగించి, మీద పరుపు వేశాను. నువ్వూ నీ మరదలూ లోపల, నేను బయట గుడారంలో. అభయారణ్యాల్లో అటవీశాఖ వాళ్ళు గుడారాలకు స్థలం ఇస్తారు. లాడ్జి గదితో పోలిస్తే నామమాత్రపు అద్దె. శని ఆదివారాలు తప్పిస్తే అందులోనూ సగమే, అందుకే వారం మధ్యలో పెట్టాను. కుళాయి ఉంది, దీపం ఉంది. మరుగుదొడ్డి కూర్చునే రకమా, గొంతుక్కూర్చునే రకమా అని ఫోన్ చేసి మరీ అడిగాను. “కుర్చీ రకమే బాబాయ్, మీ అక్కగారిని భయపడొద్దనండి” అని గార్డు నవ్వాడు.

ఖర్చులో పెద్ద భాగం డీజిలుదే. పొయ్యి, బియ్యం మనవే. పార్కు టిక్కెట్టు అరవై దాటినవాళ్ళకు సగం, వయసు చూపే కార్డు మరిచిపోకు. నీ వాటా కూడా నేనే పెడతానంటే నువ్వు రావు కనుక ఆ మాట అనడం లేదు.

జంతువుల గురించి అడిగావు. తిండి వస్తువులు వ్యానులో పెట్టి తాళం వేస్తే ఏదీ మన జోలికి రాదట. కోతుల సంగతి మాత్రం తను హామీ ఇవ్వలేనన్నాడు గార్డు.

ఇక దారి సంగతి. మొదట ప్లాను నేనే వేశాను. ఎక్కడ బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి అంతా కాగితం మీద పెట్టి నీ మరదలికి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

“మొదటి రోజు పంక్చరు షాపు దగ్గర ఆగుతాం. మధ్యాహ్నం లారీలు తూచే కాటా దగ్గర. రాత్రికి లారీల పార్కింగు. అంతేనా అండీ?”

“అవన్నీ మంచి చోట్లు. నీడ ఉంటుంది” అన్నాను.

“సముద్రం ఎప్పుడొస్తుంది?”

“రోజంతా పక్కనే ఉంటుంది.”

“ఉంటే ఉండనీ, మనం దిగేదెక్కడ? ఇది బస్తాలకు వేసిన ప్లాను. బస్తాలు ఏమీ చూడవు కాబట్టి సరిపోయింది. వదినా నేనూ బస్తాలమా?”

నాకు నవ్వొచ్చింది, కానీ తను ఇంకో మాట కూడా అడిగింది. “ఇన్నేళ్ళు ఆ దారిలో సరుకు తోలారు కదా, సముద్రం ఎక్కడ బాగుంటుందో చెప్పండి, అక్కడే ఆగుదాం” అంది. నాకు తెలియదు అక్కయ్యా. మలుపులు చెప్పగలను, గుంతలు చెప్పగలను. సముద్రం ఏ పక్కనుందో కూడా చెప్పగలను. అంతకు మించి ఎప్పుడూ చూసింది లేదు. అందుకని ప్లాను తనే మళ్ళీ వేసింది. రెండు అడవులు, ఒక లైట్‌హౌసు, నీ క్యాలెండరు బొమ్మ దగ్గర రెండు రాత్రులు.

ఇప్పుడు నేను దాటేసిన ప్రశ్న. “బండి నువ్వే నడుపుతావుగా?” అని రాసి, దాని కింద గీత కూడా గీశావు. నువ్వెక్కిన ఆ బస్సు పల్టీ కొట్టినప్పటి నుంచి నువ్వు రోడ్డు మీద నా బండి తప్ప ఇంకో బండి ఎక్కలేదు. అది నాకు తెలుసు. తెలుసు కనుకే ఫోనులో చెబుదామని ఎన్నోసార్లు అనుకుని, తిన్నావా, మందులేసుకున్నావా దగ్గరే ఆగిపోయాను.

నేను నడపను అక్కయ్యా. నడపలేను.

జూన్‌లో, ఈ ప్రయాణం మాట అనుకున్న కొత్తలో, కూరగాయలు తెస్తూ నాలుగు రోడ్ల దగ్గర బండి తిప్పాను. పక్కనుంచి నీ మరదలు “ఆపండి!” అని అరిచింది. బ్రేకు తొక్కాను. బంపరుకు బెత్తెడు దూరంలో ఒకాయన సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏం పెద్దమనిషీ, కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?” అన్నాడు.

ఎండ కళ్ళలో కొట్టిందన్నాను. ఆయన తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

“ఎండెక్కడుందండీ?” అంది నీ మరదలు, మెల్లగా.

తలెత్తి చూశాను. ఆకాశంలో ఎండ లేదు.

మర్నాడు కళ్ళ డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ పక్కచూపు పోతోందట. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, ఈ ఉత్తరం రాస్తున్నాను కదా. పక్కలే లేవు, గొట్టంలోంచి చూసినట్టు. పోయినది తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడవచ్చు, స్టీరింగు మాత్రం ముట్టుకోవద్దు అన్నాడు.

ప్రయాణం మానేద్దామన్నాను. నడుం నొప్పని నీకు రాస్తానన్నాను.

“రాయండి. వదిన కవరు విప్పకుండానే పట్టేస్తుంది” అని, మళ్ళీ తనే, “రోడ్డు నేను చూస్తాను. మీరు కిటికీలోంచి చూడండి” అంది.

ఉత్త మాట అనుకున్నాను. వారం తిరగకుండా డ్రైవింగు స్కూల్లో చేరింది. నేర్పేవాడు “అత్తా, గేరు! అత్తా, క్లచ్చు!” అని అరుస్తుంటే, “నాకు చెవులున్నాయి నాయనా, కాళ్ళకే ఇంకా రాలేదు” అనేదట. మొదటి పరీక్షలో తప్పింది. ఎదురొచ్చిన ప్రతివాడికీ దారిచ్చి తను కదల్లేదు. రెండోసారి లైసెన్సు ఇచ్చారు.

వేగం నలభై దాటనివ్వదు. వెనక లారీవాళ్ళు హారన్ మోగిస్తే, “మోగించుకోనీ, బ్యాటరీ వాళ్ళదే” అంటుంది. నువ్వు ఆశ్చర్యపోయావే, రోజుకు ఇంత తక్కువ దూరమేమిటని, కారణం ఇదే. పక్క సీట్లో నా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. “కింద పరిచిన పట్టా చిరిగిపోతుంది, కాలు తీయండి” అంటుంది.

నువ్వు ఎక్కుతావో లేదో నాకు తెలియదు. కొండ మలుపుల దారిలో తనతో రెండుసార్లు వెళ్ళొచ్చాను. భయపడలేదని రాస్తే అబద్ధం. మొదటిసారి భయపడ్డాను. రెండోసారి నిద్రపోయాను. బండిలో నేను నిద్రపోవడం నా బతుకులో అదే మొదలు. ఇంతకన్నా నీకు చెప్పగలిగింది నా దగ్గర లేదు.

నువ్వు రానంటే మేమిద్దరం వెళతాం. ఉన్న చూపుతో నేను ఒకసారి చూడాలి. అయితే నువ్వు పక్కనుంటే బాగుంటుంది. నీ మరదలు చెప్పమన్న మాట: డిసెంబరు ఏడు, ఆదివారం ఇక్కడ బయల్దేరి, సోమవారం పొద్దున మీ వీధి చివరికి వస్తుందట. ఇంజను ఆపి, నువ్వు వచ్చేదాకా కూర్చుంటుందట. వెనక సీటు నీది. సలహాలు మాత్రం ఇవ్వొద్దంది.

ఇట్లు,
నిన్ను అడిగిందే గాని ఎప్పుడూ బలవంతపెట్టని
తమ్ముడు

తా.క.: బయట నీ మరదలు హారన్ కొడుతోంది. ఇవాళ రివర్సు సాధన. పొయ్యి వెలిగించి చూశాను, బాగా మండుతోంది. నీ మోకాళ్ళకు వీలుగా వెనక తలుపు దగ్గర ఒక మెట్టు చేయించాను. ఇక నీళ్ళ డబ్బాలు కొనడమే మిగిలింది.