శుక్రవారం ఫలహారం చల్లారకముందే రెండో లైను వేయించుట గురించి

అయ్యా,

విషయం: కఫ్ర్ జమ్మీజ్ నుండి మిత్ సువైలిం వరకు గల సింగిల్ లైను రైలుమార్గమునకు రెండవ లైను వేయించుట గురించి, అది ఈ శుక్రవారం లోపున వీలుపడని యెడల ఆ ఒక్క రోజుకైనా పొద్దుటి బండిని ఎక్కడా ఆపకుండా పంపించుట గురించి, మరియు గురువారం రాత్రి మా అమ్మాయి పెళ్ళికి తమరు సకుటుంబంగా దయచేయుట గురించి.

జిల్లా రైల్వే అధికారి గారి సముఖమునకు కఫ్ర్ జమ్మీజ్ గ్రామ కాపురస్తుడు, దూదేకి పరుపులు కుట్టుకొని బ్రతుకు బయ్యూమీ షెహాతా సలాములు చేసి వ్రాసుకొను మనవి. నా చదువు ఖురాను బడిలో మూడేళ్ళు, ఆపైన అంతా పరుపుల మీదనే. తప్పులుంటే మన్నించండి. సంతోషం ఎక్కువై చెయ్యి ఆగడం లేదు, కనుక అక్షరాలు అక్కడక్కడ గంతులేస్తాయి.

మా అమ్మాయి నవ్వారాకు పెళ్ళి కుదిరింది. ఈ సంగతి పైన విషయంలో రాసే ఉన్నాను గాని మళ్ళీ రాయాలనిపించింది. మా అమ్మాయికి పెళ్ళి కుదిరిందండీ! ఇక ఫిర్యాదులు.

1. మా లైను మీద పోయే బండికీ వచ్చే బండికీ ఒకటే దారి. నడుమ సఫ్సాఫ్ స్టేషను దగ్గర మాత్రం పక్కన ఇంకొక పట్టా ఉండి, అక్కడ రెండు బండ్లు ఒకదాన్నొకటి తప్పుకొనును. ముందొచ్చిన బండి రెండోదాని కోసం కాచుకొని యుండవలెను. ఆ రెండోది ఎప్పుడొచ్చునో తెలిసినవారు ఇంతవరకు ఎవరూ కనబడలేదు. సఫ్సాఫ్ స్టేషను మాస్టరు ఫత్‌హల్లా మంచివాడే. కాని అడిగితే చెప్పే జవాబు ఇది:

"ఫత్‌హల్లా బాబూ, అటు బండి ఎక్కడుంది?"

"దారిలో ఉంది హాజీ."

"ఏ దారిలో?"

"దేవుడి దారిలో."

ఈ జవాబు శాఖాపరమైనదా, మతపరమైనదా తెలియజేయ ప్రార్థన. మా ఆడవాళ్ళు బండెక్కేటప్పుడు మొలూఖియా ఆకుకూర కట్టలు తెచ్చుకుంటారు. సఫ్సాఫ్ దాటేలోపు ఆకు వలవడం, తరగడం, పక్కింటివాళ్ళ సంగతులు చెప్పుకోవడం మూడూ పూర్తవుతాయి. మా ఊరి మంగలి తన పొది తెచ్చుకుని రైలు పెట్టెలోనే గడ్డాలు గీస్తాడు. బండి కదిలితే పని పాడని, సఫ్సాఫ్ వచ్చేదాకా కత్తి బయటికి తీయడు. సఫ్సాఫ్‌లో అతనికి భయం లేదు.

2. బండి కదలాలంటే స్టేషను మాస్టరు డ్రైవరు చేతికి ఒక పెద్ద ఇనుప కడియం ఇవ్వవలెను. టోకెను అంటారు. అది చేతికి వస్తేనే ముందు దారి ఖాళీ అని అర్థం. పద్ధతి మంచిదే, కాదనను. అయితే మొన్న చలికాలంలో మా డ్రైవరు టీ తాగి, ఆ కడియాన్ని టీ కొట్టు మేకుకు తగిలించి, దాని బదులు కొట్టువాడి కెటిలు పట్టుకొని బండెక్కినాడు. కాలువ వంతెన దగ్గర దాహమై వంచి చూస్తే టీ వచ్చింది. అంతట బండిని వెనక్కి నడిపించినాడు. ఎంతో సేపటికి ఊరు దాటామని సంబరపడిన మేము మళ్ళీ అదే ఊరు చూచితిమి. కొత్త పద్ధతిలో రంగు దీపాలు పెట్టి ఎక్కడో కూర్చుని దారి ఇస్తారని విన్నాను. దీపాన్ని ఎవడూ మేకుకు తగిలించి మరచిపోలేడు కనుక అది మేలని నా అభిప్రాయము.

3. మూడవది ఫిర్యాదో కాదో నాకే తెలియకున్నది. మా ఊళ్ళో అర్జీలు రాసే గుమాస్తా, "ఇది రాస్తే నీ అర్జీ పోయినట్టే బయ్యూమీ" అన్నాడు. అందుకే అతని చేతికి ఇవ్వక నేనే రాస్తున్నాను. పెళ్ళి పనుల్లో అబద్ధం ఎందుకు?

నవ్వారా బొంతలు కుట్టడానికి మిత్ సువైలిం పోయి వస్తుంటుంది. సఫ్సాఫ్‌లో తన కిటికీకి ఎదురుగా అటు బండి కిటికీ వచ్చి ఆగేది. అందులో హిలాల్ అని, పొలాల్లో నీటి పంపులు బాగుచేసే కుర్రవాడు. ఒకరోజు వాడు అడిగాడట:

"ఆ మూటలో ఏంటి, దూదా?"

"కాదు, ఇటుకలు. కనపడ్డంలా?"

"ఇటుకలైతే నాకూ కావాలి. ఇల్లు కడుతున్నా."

"ఎవరికోసం?"

"ఇంకా తెలీదు. బండి కదిలేలోపు నువ్వేమన్నా చెప్తావేమోనని."

ఆ ఒక్క రోజే, అయ్యా, లైను పుట్టిన తరువాత ఎన్నడూ లేనిది, బండి ఠక్కున కదిలిందట. మా అమ్మాయి జవాబు నోట్లోనే ఉండిపోయింది. మర్నాటి నుంచి తమరి శాఖ మళ్ళీ మామూలుగానే పనిచేసింది, దేవుడు మేలు చేయుగాక. రెండేళ్ళు అట్లా కిటికీకీ కిటికీకీ మాటలు నడిచి, ఆ పిల్లవాడు తన తల్లిని, మేనమామను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సఫ్సాఫ్‌లో ఆలస్యమై, మధ్యాహ్న భోజనానికి రావలసినవాళ్ళు రాత్రి భోజనానికి వచ్చారు. "చూశారుగా మామయ్యా, ఎంత ఓర్పున్నవాణ్ణో" అన్నాడు హిలాల్. పిల్లనిచ్చాను.

4. నాల్గవది ముఖ్యము. దీని కోసమే అర్జీ.

పెళ్ళి రాత్రి గడిచిన పొద్దున పిల్ల తల్లి పళ్ళెం నెత్తిన పెట్టుకుని మిత్ సువైలింలో అల్లుడింటికి పోవలెను కదా. పొరలు పొరలుగా నేతిలో కాల్చిన ఫతీరు రొట్టెలు, తేనె, మీగడ, వేపిన బాతులు, బియ్యం కూరిన పావురాలు. అన్నీ వేడిగా పోవలెను. ఆ వీధిలో వాళ్ళు కిటికీల్లోంచి చూసేది పళ్ళెంలో ఏముందని కాదు, ఆవిరి వస్తోందా లేదా అని. ఆవిరి వస్తే పిల్లకు వెనక మనుషులున్నారని లెక్క. రాకపోతే ఎవరూ ఏమీ అనరు. కిటికీలు వేసేసుకుంటారు, అంతే. ఆ కిటికీ తలుపు చప్పుడు పిల్ల వింటుంది.

నవ్వారాకు తల్లి లేదు. మా గలీలా పోయి ఆరేళ్ళు. బతికినన్నాళ్ళూ ఇంట్లో బాతు లావెక్కితే చాలు, "ఇది నా కూతురి పెళ్ళి మర్నాటికి" అనేది. ఆ వారమే ఎవరో చుట్టం వచ్చేవాడు, బాతు పోయేది. మళ్ళీ ఇంకో బాతు పిల్లను తెచ్చి అదే మాట అనేది. అట్లా ఆ పెళ్ళి మర్నాడు మా ఇంట్లో ఎన్ని బాతుల మీదుగా నడిచి వచ్చిందో! తీరా వచ్చేసరికి ఆమె లేదు. కనుక పళ్ళెం నేనే మోస్తానన్నాను. మా చెల్లెలు జన్నూబా నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నువ్వా? మీసాలేసుకుని పళ్ళెం మోస్తావా అన్నయ్యా? ఊరు ఊరంతా నవ్వుద్ది."

"నవ్వనీ. పెళ్ళంటే నవ్వరా మరి?"

"ఫతీరు ఎవరు చేస్తారు?"

"నేనే చేస్తా."

"నువ్వు చేస్తే అది తినాలా, దాని మీద పడుకోవాలా?"

దూది ఏకిన చేతికి పిండి పొర సాగదీయడం ఎంత పని అనుకున్నాను. మొదటి రెండూ గాడిదకు పెట్టాను. మూడోది గాడిద ముందు పెడితే మా చెల్లెలే లాక్కుని తిన్నది. కాబట్టి ఫతీరు విషయమై శాఖవారు దిగులుపడనక్కరలేదు. దిగులంతా సఫ్సాఫ్ గురించే. రోడ్డున పోదామంటే శుక్రవారం నమాజు అయ్యేదాకా వ్యాను డ్రైవర్లు నిద్ర లేవరు. రైలు తప్ప నాకు దిక్కు లేదు. ఆ పొద్దున నా పిల్లకు తల్లి లేని లోటు తెలియకూడదు. నేను కోరేది ఇంతే.

5. కావున నా ప్రార్థన ఏమనగా, రెండవ లైను వెంటనే వేయించవలెను. ఈరోజు సోమవారం, శుక్రవారానికి పూర్తి కావడం కష్టమని నాకూ తెలుసు. అయినా ఒక పరుపు కుట్టేందుకు వారం చాలదనుకుని, నలుగురు కూర్చుంటే మధ్యాహ్నానికే ముగిసిన రోజులు నేను చూశాను. అది బొత్తిగా కుదరకుంటే సఫ్సాఫ్‌లో శుక్రవారం మా బండికి ముందు దారి ఇచ్చి, అటు బండిని ఆ చివరనే ఆపించవలెను. అందులో వచ్చేవారికి నా తరఫున క్షమాపణ చెప్పించవలెను. వాళ్ళకు బాతు దొరకదు పాపం.

ఇంకొక మాట. పోయినేడు ఇదే ఫిర్యాదు మీద తమరి కార్యాలయానికి వచ్చాను. తమరు లేరు గాని తమరి కుర్చీ ఉన్నది. దాని మీది దిండు అణిగి అప్పడంలా ఉన్నది. అంత పెద్ద అధికారి అటువంటి దాని మీద కూర్చుంటే లైన్ల గురించి మంచి ఆలోచనలు ఎట్లా వస్తాయి? దిండు పంపిస్తే విప్పి, ఏకి, కొత్త గలీబు వేసి ఇస్తాను. ఇది లంచమని తలచవద్దు. లైను వేసినా వేయకున్నా ఏకుతాను. అట్లాంటి దిండును చూసి ఊరుకోవడం నా చేత కాదు.

ఈ తండ్రి సంతోషాన్ని, సఫ్సాఫ్ స్టేషనును పక్కపక్కన పెట్టి తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బయ్యూమీ షెహాతా,
పరుపుల మేస్త్రీ, పెళ్ళికూతురి తండ్రి.

తా.క.: ఈరోజు శుక్రవారం, సాయంత్రం. ఈ అర్జీని సోమవారమే మా స్టేషనులో ఇచ్చాను. తపాలా సంచి శనివారం గాని కదలదట. కనుక వెనక్కి పుచ్చుకుని, అడుగున ఉన్న జాగాలో ఇది రాస్తున్నాను.

పెళ్ళి బాగా జరిగింది. తమరు రాలేదు. బండి ఆలస్యమై ఉంటుంది.

ఈ పొద్దున పళ్ళేన్ని దూది బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బండెక్కాను. బండి వేళకే వచ్చింది. వేళకు వచ్చినందుకు నాకు అనుమానం కలగవలసింది, కలగలేదు. సఫ్సాఫ్‌లో ఆగింది. ఫత్‌హల్లాను అడిగాను. "దారిలో ఉంది" అన్నాడు. ఏ దారిలోనో ఈసారి అడగలేదు. ఎండెక్కింది. పెట్టెలో అందరికీ బాతుల వాసన తగిలి మెడలు నా వైపు తిరిగాయి. చాలాసేపు ఓర్చుకుని బొంత కొసను ఎత్తి చూశాను. ఆవిరి లేదు. మీసాలున్నవాణ్ణి, అందరి ముందు ఏడవకూడదని కిటికీ వైపు తిరిగాను.

అప్పుడే అటు బండి వచ్చి పక్కన ఆగింది. నా కిటికీకి ఎదురు కిటికీలో, చేతులకు గోరింటతో, నవ్వారా!

"నాన్నా! ఇక్కడే ఉంటావనుకున్నా!"

"ఏమే, కొత్త పెళ్ళికూతురివి, వారం దాకా గడప దాటకూడదని తెలీదూ? జనం ఏమనుకుంటారు?"

"నువ్వొక్కడివే పళ్ళెం పట్టుకుని కూచుని ఉంటావని తెలుసు. ఎట్లా ఉండమంటావు ఇంట్లో?"

వెనక నుంచి వియ్యపురాలు తల బయటపెట్టింది. "కంగారు పడకండి అన్నయ్యగారూ, నేనూ వచ్చాగా. అత్త పక్కనుంటే గడప దాటినట్టు కాదు, గడపే వెంట వచ్చినట్టు." ఆమె వెనక హిలాల్ టీ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నాడు.

రెండు బండ్ల నడుమ ప్లాట్‌ఫారం మీద బొంత పరిచాం. రెండు బండ్లవాళ్ళూ దిగారు. ఆడవాళ్ళు పెళ్ళి సంబరానికి నాలుక ఆడిస్తూ కూతలు పెడితే, ఇంజను కూతేమోనని మా డ్రైవరు పరుగెత్తబోయాడు. పట్టుకుని ఒక పావురం చేతిలో పెట్టాం. ఫత్‌హల్లా టోకెను కడియాన్ని భుజానికి తగిలించుకుని, "టీ అయ్యేదాకా ఎవరికీ ఇవ్వను" అన్నాడు. కాబట్టి ఈరోజు జరిగిన ఆలస్యాన్ని అతని మీద వేయవద్దు. నా బాతుల మీద వేయండి.

ఇక అర్జీలో కొద్ది సవరణ. రెండో లైను వేయవలసిందే, అందులో మార్పు లేదు, రేపు మనవల్ని చూడబోవాలి గదా. కాని ఈరోజు రెండు లైన్లు ఉండి ఉంటే నా బండి ఇటు, వాళ్ళ బండి అటు దూసుకుపోయి, నేను మిత్ సువైలింలో తాళం వేసిన తలుపు కొడుతూ, నా కూతురు కఫ్ర్ జమ్మీజ్‌లో తాళం వేసిన తలుపు కొడుతూ ఉండేవాళ్ళం. అందుచేత రెండు లైన్లు వేశాక కూడా, శుక్రవారం పొద్దున మాత్రం సఫ్సాఫ్‌లో రెండు బండ్లూ పక్కపక్కన ఒక టీ తాగేంతసేపు ఆగేటట్టు ఉత్తరువు ఇప్పించ ప్రార్థన.

ఫతీరు విరిచి మొదటి ముక్క నవ్వారాకు ఇచ్చాను. చల్లగా రాయిలా ఉందని నా వేళ్ళకు తెలుసు. అది నోట్లో పెట్టుకుని, అత్తగారి వైపు తిరిగి, "చూడండత్తయ్యా, ఇంకా కాలుతోంది" అన్నది. ఆవిడ కూడా ఒక ముక్క తీసుకుని, ఊదుకుని మరీ తిన్నది.