ఖాళీ అని రాయించిన ఇంటి పంపకం

నా గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదు. బుద్ధికి మాత్రం ఏ లోపమూ లేదని ఆ గుండెను పరీక్షించిన డాక్టరే కాగితం మీద రాసి ఇచ్చారు. సోమవారం ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరుతున్నాను. ఈలోగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వస్థచిత్తంతో, నా చేత్తో నేనే రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు మరొకటి రాయలేదు. రాసేంత ఆస్తి నాకుందని మా ఇంట్లో ఎవరూ గుర్తుచేయలేదు.

నాకు పెళ్లి కాలేదు. అమ్మానాన్నలు లేరు. ఉన్నవాళ్లు పెదనాన్న, అన్నయ్య, వదిన. ముగ్గురూ పక్క వీధిలో పెదనాన్న ఇంట్లో ఉంటారు. నా తదనంతరం ఈ ఇల్లు తమదేనని వాళ్ల నమ్మకం. దాన్ని వదిలించడానికే ఈ కాగితం.

1. ఆస్తి వివరం. అమ్మ తన స్వార్జితంతో కట్టి నా పేర రాసిన పెంకుటిల్లు. ముందుగది, నడిమి గది, వంటగది, దాని పక్కన కిటికీ లేని సామాన్ల గది. హద్దులు: తూర్పున వీధి, వీధికి అవతల మెట్ల కింద దర్జీ అక్క కుట్టుమిషను. పడమర మురుగుకాలువ. ఉత్తరాన రంగుల దుకాణం గోడ. దక్షిణాన పక్కింటివాళ్లు, వాళ్ల కుక్క. ఈ హద్దుల మధ్య, అమ్మ పోయినప్పటి నుంచి నేను ఒక్కదాన్నే కాపురముంటున్నాను. పురపాలక కార్యాలయం లెక్కలో మాత్రం ఇక్కడ ఎవరూ లేరు.

2. అది ఎలా జరిగిందో చెప్పకపోతే మిగతా అంశాలు అర్థం కావు. ఖాళీగా ఉన్న ఇంటికి ఆస్తిపన్నులో సగం తగ్గిస్తారు. అమ్మ పోయిన ఏడే పెదనాన్న ఆ రాయితీకి దరఖాస్తు పెట్టారు. "నేనున్నాను కదా పెదనాన్నా" అన్నాను. ఆయనకు వినబడలేదు. వదినకు వినబడింది. "నువ్వున్నా లేనట్టే కదమ్మా. మాట వినబడదు, నడక వినబడదు. గోడ మీద బల్లయినా అప్పుడప్పుడు పలుకుతుంది" అంది. అందరూ నవ్వారు. పెదనాన్న కళ్లు తుడుచుకుని, "చూశావా, అబద్ధం కూడా కాదు" అన్నారు.

ఏటా తనిఖీ రోజున వదిన వచ్చి వంటగిన్నెలు బుట్టలో పెట్టి దాచేది. గోడగడియారాన్ని ఆపేది. ఖాళీ ఇంట్లో గంట కొట్టకూడదట. నన్ను సామాన్ల గదిలో స్టూలు మీద కూర్చోబెట్టి బయట గడియ పెట్టేవారు. పన్నుల ఇన్‌స్పెక్టరు గారు ముందుగదిలో కూర్చుని, పెదనాన్నను పెన్ను అడిగి, "ఖాళీ" అని రాసి, జేబులోంచి ముద్ర తీసి కొట్టేవారు. "స్వయంగా చూచి ధ్రువీకరించడమైనది" అని ఆ ముద్ర. తరువాత పెన్నుతో సహా వెళ్లిపోయేవారు. వంటగది దాకా వచ్చిన పాపాన పోలేదు. ఒకసారి నాకు దగ్గు వచ్చింది. "ఎలుకలా?" అన్నారాయన. "పందికొక్కులండీ" అన్నారు పెదనాన్న. ఈ వ్యవహారం మొత్తంలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే. ఎవరి గురించి చెప్పారో ఆయనకు తెలియదు.

3. ఇప్పుడు రాయడానికి కారణం. పోయిన వారం రంగుల దుకాణం యజమాని ముందుగది కొలుచుకోవడానికి వచ్చాడు. నన్ను చూసి, "ఊడ్చే అమ్మాయివా?" అన్నాడు. ఊడ్చేది నేనే కనుక అవునన్నాను. "అయితే సోమవారానికల్లా శుభ్రంగా ఊడ్చి పెట్టు. పెద్దాయన ఇల్లు మాకు గోదాముకిచ్చారు. ఖాళీ ఇల్లేగా, ఎప్పుడైనా దించుకోండి అన్నారు" అన్నాడు. నేను ఆసుపత్రిలో కళ్లు మూసుకుని ఉండగా నా మంచం ఉన్నచోట రంగు డబ్బాలు దిగుతాయన్నమాట.

పురపాలక కార్యాలయానికి వెళ్లాను. పన్ను తగ్గించమని అడిగేవాళ్ల వరసలోనే నిలబడ్డాను. పెంచమని అడిగేవాళ్లకు వేరే వరస లేదు. ఆ ఇంట్లో ఉంటున్నది నేనేనని, సోమవారం ఆసుపత్రిలో చేరుతున్నానని చెప్పాను. "ఖాళీ అని నేను రాశాక అందులో మీరెలా ఉంటారమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "మీరున్నారంటే ఇన్నేళ్లూ నేను చూడలేదనేగా. నా ఉద్యోగం సంగతేమిటి?" రుజువు కావాలన్నారు.

నాకు తోడు వచ్చిన దర్జీ అక్క, నా కొలతలకు కత్తిరించి మేకుకు తగిలించి ఉంచే కాగితపు నమూనాను ఆయన బల్ల మీద పరిచింది. "ఇదిగో అయ్యగారూ, మనిషి. ఏటేటా చిక్కిపోతోంది, నేను ఏటేటా అంచు కోస్తున్నాను. ఖాళీ ఇంటికి బట్టలు కుట్టడానికి నాకేమైనా పిచ్చా?" అంది. వరసంతా నవ్వింది. వరస నవ్వింది కనుక శనివారం తనిఖీకి వస్తానని ఆయన ఒప్పుకున్నారు. గుమ్మం దాకా మా వెంట వచ్చి, నాకు మాత్రం వినబడేలా ఇంకో మాట అన్నారు. "సోమవారం ఎలాగూ ఆసుపత్రికి పోతున్నారు. అప్పటికి ఇల్లు ఖాళీయేగా. అదే రాస్తాను."

4. పై ఇంటిని, గోడలు, పైకప్పు, బావి, గేటుతో సహా, నా తదనంతరం దర్జీ అక్కకు సర్వహక్కులతో ఇస్తున్నాను. ఆమె నాకు బంధువు కాదు. ఆ సంగతి పెదనాన్న అందరికీ చెబుతారు కనుక నేనే ముందు చెబుతున్నాను. ఆమె మెట్ల కింద కూర్చుని కుడుతుంది. నిటారుగా లేస్తే తల తగులుతుంది. బట్ట పరిచి కత్తిరించడానికి వీధిలోకి రావాలి, వాన పడితే అదీ లేదు. మా ముందుగది కప్పు ఎత్తు, కిటికీ పెద్దది. ఆమె అక్కడ లేచి నిలబడాలి. ఒకటే షరతు: ఇంటిపన్ను పూర్తిగా, తన పేర, ఏ రాయితీ అడగకుండా కట్టాలి. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే అప్పగిస్తున్నాను.

5. పెదనాన్నకు. ఆయన తన ఇంటి వరండాలో "ఉచిత పఠన మందిరం, అందరికీ ప్రవేశం" అని బోర్డు పెట్టి తన ఇంటిపన్ను మొత్తం మాఫీ చేయించుకున్నారు. లోపల ఒక బల్ల, తీగతో కట్టేసిన పాత పత్రికలు, ఒక తాళం. కాన్వెంటులో చదివే రోజుల్లో ఒకసారి లోపలికి వెళ్లి పత్రిక తీశాను. "అది చదవడానికి కాదమ్మా, చూడడానికి" అన్నారు.

నా పుస్తకాలన్నీ ఆ మందిరానికి ఇస్తున్నాను. తలుపు పగలంతా తెరిచి ఉండాలి. తీయకపోతే పుస్తకాలు దర్జీ అక్క వెనక్కి తెచ్చుకోవచ్చు. తెచ్చేటప్పుడు పన్నుల కార్యాలయం మీదుగా, తోపుడు బండిలో తేవాలి. ఆమె దగ్గరకు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్లందరికీ ఈ పాటికే చెప్పి ఉంచాను: చదువు వచ్చినవాళ్లు, రానివాళ్లు, ఊరికే నీడన కూర్చునేవాళ్లు, అందరూ వెళ్లండి. బోర్డు మీద రాసింది నిజం చేయాలని తప్ప నాకు వేరే కోరిక లేదు.

సామాన్ల గదిలోని స్టూలు కూడా ఆయనకే. దాని ఒక కాలు పొట్టి. కదలకుండా కూర్చుంటే చప్పుడు చేయదు.

6. వదినకు గోడగడియారం, దాని తాళం చెవి. ఆపడం వచ్చు కనుక నడపడం కూడా నేర్చుకోవచ్చు. ఈ రోజు నేనే తాళం తిప్పాను. గంట బాగా కొడుతోంది.

7. అన్నయ్యకు నా టార్చిలైటు. అది వాడిచ్చిందే. తనిఖీ రోజుల్లో వీధి మొదట నిలబడి ఇన్‌స్పెక్టరు వస్తుంటే ఈల వేసేది వాడే. "మనకెందుకులే" అనే మాట వాడు అన్నం తిన్నంత సులువుగా అంటాడు. కానీ గడియ పెట్టే ముందు ప్రతిసారీ ఒక కొత్త పుస్తకం, ఈ టార్చి నా ఒళ్లో పడేసేవాడు. బ్యాటరీలు మార్చడం ఎప్పుడూ మరిచిపోలేదు. అబద్ధంలో భాగం పంచుకున్నాడు గాని నన్ను చీకట్లో కూర్చోనివ్వలేదు. తలుపు తీసి ఉంటే ఇంకా బాగుండేది. అది వాడికీ తెలుసు.

8. కాన్వెంటు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్‌కు నా పెన్ను. "చాలా నెమ్మది. తరగతిలో ఉన్నట్టే తెలియదు" అని ఆవిడ నా గురించి రాసిన మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. పోయిన నెల వెళ్లి కలిసినప్పుడు ఇదంతా చెప్పాను. "నెమ్మదిగా ఉండమన్నాను గాని, నిన్ను మాయమైపొమ్మనలేదే పిల్లా" అన్నారు.

9. నేను బతికి తిరిగి వస్తే పై అంశాలేవీ అమలు కానక్కరలేదు, ఒక్కటి తప్ప. దర్జీ అక్క మిషను ఆదివారమే ముందుగదిలోకి వస్తుంది, తాళం చెవులు ఆమె దగ్గర ఉంటాయి. రంగు డబ్బాలవాళ్లు వస్తే ఏమనాలో ఆమెకు నేను నేర్పనక్కరలేదు. నేను నడిమి గదిలో ఉంటాను. మిషను చప్పుడుకు నాకు నిద్ర బాగా పడుతుంది.

10. సాక్షుల గురించి. వీలునామాకు సాక్షి దాన్ని చదవనక్కరలేదు. రాసిన మనిషి తన ఎదుట సంతకం చేయగా చూస్తే చాలు. చదవకుండా సంతకం చేయడంలో ఇన్‌స్పెక్టరు గారికున్న అనుభవం ఈ వీధిలో ఇంకెవరికీ లేదు. అందుకే ఒక సాక్షిగా ఆయన్ని అడగబోతున్నాను. సాక్షికి ఏమీ ఇవ్వకూడదని చట్టం. ఇచ్చే ఉద్దేశం నాకూ లేదు. పెన్ను అడుగుతారు, ఇస్తాను. ఎనిమిదో అంశం ప్రకారం అది ఇంకొకరిది కనుక వెళ్లేటప్పుడు తిరిగి తీసుకుంటాను. ఈ ఇంట్లో ఈ ఇంటి మనిషిని చూశానని ఇక్కడ రాసిచ్చిన చేత్తో, ఇల్లు ఖాళీ అని ఇంకోచోట ఎలా రాస్తారో చూడాలని ఉంది. చూడడానికైనా తిరిగి రావాలి.

ఆసుపత్రిలో చేరవలసిన సోమవారానికి ముందు శనివారం ఉదయం, గడియారం గంట కొడుతుండగా, మా ముందుగదిలో సంతకం చేశాను.

(సంతకం)
ఇంటి యజమానురాలు, నివాసి

పైన సంతకం చేసిన ఆమె ఈ ఇంట్లో కాపురముంటూ, ఈ ఇంట్లోనే, మా కళ్లెదుట సంతకం చేసినందుకు సాక్షులు:

1. (సంతకం)
ఈ గుమ్మంలో ఈమెకు వారం వారం ఉత్తరాలు ఇచ్చే పోస్ట్‌మ్యాన్

2. (సంతకం)
ఆస్తిపన్ను ఇన్‌స్పెక్టరు
(ముద్ర: స్వయంగా చూచి ధ్రువీకరించడమైనది)